రెండు తలల తీగ

“ముందు లైసెన్సు చూపించు.”

గుమ్మంలోనే నిలబెట్టి అడిగాడు జనరేటర్ బాబాయి.

వచ్చిన ఎలక్ట్రీషియన్ సంచి కింద పెట్టి, కుడిచేత్తో జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. ఎడమచేతికి తోలు తొడుగు ఉంది.

పోయిన తుఫాను దాకా బాబాయికి ఆ పేరు లేదు. సముద్రం పక్కన ఊరు, గాలి గట్టిగా వీస్తే కరెంటు పోవడం మామూలే. కానీ ఆసారి నాలుగు రోజులు రాలేదు. ఆ నాలుగు రోజులూ ఫ్యాను తిరిగింది ఆయన ఇంట్లో ఒక్కచోటే. వీధిలో ఫోన్లన్నీ ఆయన వంటగదిలోనే ప్రాణం పోసుకున్నాయి. అప్పట్నుంచీ పిల్లా పెద్దా ఆయన్ని అలాగే పిలుస్తున్నారు. ఆ పిలుపు వినపడితే చాలు, బాబాయి ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది.

ఇప్పుడు మేడ మీద ఇంకో గది వేశాడు. లోడు పెంచాలంటే లైసెన్సున్నవాడు చూసి సంతకం పెట్టాలని కరెంటాఫీసువాళ్లు పట్టుబట్టారు. ఫోన్లో చిరునామా చెప్పినప్పుడు ఇతను ఆ మలుపు దగ్గరేనా అని రెండుసార్లు అడిగాడు. తర్వాత, “వస్తానండీ” అన్నాడు.

మెయిన్ స్విచ్ ఆపి, బోర్డు విప్పి, తీగలన్నీ ఒక్కొక్కటే లాగి చూశాడు. ఎడమ అరచేత్తో అదిమిపట్టి, కుడిచేత్తో స్క్రూలు బిగించాడు.

“ఒంటిచేత్తో లాగించేస్తున్నావు. లైసెన్సు కూడా సగమే ఇచ్చారా ఏమిటి?”

తన జోకుకి బాబాయి తనే పగలబడి నవ్వాడు.

“మీ నోటికి అడ్డూ ఆపూ లేదు,” అంటూ పిన్ని మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

అతనూ చిన్నగా నవ్వాడు. “జనరేటర్ ఎలా తగిలించారండీ?”

ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నట్టు బాబాయి లోపలికి పరిగెత్తాడు. రెండు కొసలకీ ప్లగ్గులున్న తీగ పట్టుకొచ్చాడు.

“నా సొంత తెలివి! ఈ తల జనరేటర్లో, ఆ తల వంటగది సాకెట్లో. అంతే, ఇల్లంతా కరెంటు! గాలి ఆగిన మర్నాడు సరిగ్గా పదింబావుకి మీట వేశా. వీధి వీధంతా చప్పట్లు!”

“మెయిన్ ఆపారా?”

“పోయిన కరెంటుని మళ్లీ ఆపడమేమిటయ్యా?”

అతను కిటికీలోంచి, వీధి మలుపులో ఉన్న స్తంభం వైపు చూస్తూ ఉండిపోయాడు.

“చేంజోవర్ స్విచ్ పెట్టాలండీ. అటు తిప్పితే లైను, ఇటు తిప్పితే జనరేటర్. రెండూ కలవవు. అది లేకపోతే మీ జనరేటర్ కరెంటు బయట తీగల్లోకి పోతుంది.”

“పోతే పోనీ. ఊరికి దానం చేశాననుకుంటా.”

“తీగల దగ్గర మనుషులుంటారండీ.” మెల్లగానే అన్నాడు. “అది పెట్టందే నేను సంతకం పెట్టను.”

“లైసెన్సువాళ్లతో ఇదే తంటా!” అని గొణుక్కుంటూనే బాబాయి ఒప్పుకున్నాడు.

సాయంత్రానికి స్విచ్ బిగించాడు. బాబాయి చేత మూడుసార్లు తిప్పించి చూసి, అప్పుడు సంతకం పెట్టాడు. వెళ్లబోతూ ఆగాడు.

“ఆ తీగ నాకిస్తారా?”

“తీసుకెళ్లు, తీసుకెళ్లు! మీవాళ్లకి చూపించు, నేర్చుకుంటారు.”

“తప్పకుండా చూపిస్తానండీ.”

రెండు నెలలకి మళ్లీ తుఫాను వచ్చింది. గాలి ఆగిన మర్నాడు పొద్దున బాబాయి స్విచ్ తిప్పి, జనరేటర్ వేసి, రాజాలా గేటు దగ్గర నిలబడ్డాడు.

భుజాన తాడు వేసుకున్న లైన్‌మన్ ఒకతను ఆ చప్పుడు విని ఆగాడు. “చేంజోవర్ ఉందా సార్?”

“ఉందయ్యా. చేతికి తోలు తొడుగు వేసుకుని ఒకాయన వచ్చాడు. పట్టుబట్టి మరీ పెట్టాడు.”

లైన్‌మన్ ముఖం వెలిగిపోయింది. “మా అన్న పెట్టాడా! ఇంక బెంగ లేదు. అయినా లైను పరీక్షించుకునే ఎక్కుతాననుకోండి, అదీ ఆయన నేర్పిందే.”

“మీ అన్నా?”

“తోడబుట్టలేదు సార్, పని నేర్పాడు. అంతటి లైన్‌మన్ ఈ తీరంలోనే లేడు. పోయిన తుఫానుకి ఆ మలుపులో స్తంభం మీద ఉన్నాడు. పదింబావుకి ఎవరింటి జనరేటరో, కరెంటు లైన్లోకి ఎక్కేసింది. ఎడమచేతి మూడు వేళ్లు పోయాయి.”

ఆరోజు మలుపులో ఎవరో పడ్డారని బాబాయీ విన్నాడు. వాన తడికి కాలు జారి ఉంటుందనుకున్నాడు.

“ఇంక స్తంభం ఎక్కలేడు. అలాగని ఏడుస్తూ కూర్చోలేదు సార్, చదివి లైసెన్సు తెచ్చుకున్నాడు! ఇప్పుడు మాలో కొత్తగా చేరినవాళ్లకి పని నేర్పుతున్నాడు, మొదటిరోజే రెండు తలల తీగ ఒకటి చేతికిస్తాడు. ‘బాగా చూసిపెట్టుకోండి, ఇది మనుషుల్ని తింటుంది’ అంటాడు.”

“జనరేటర్ బాబాయ్, ఫోను పెట్టుకోనా?” ఎదురింటావిడ కేకేసింది.

బాబాయికి ఆ పేరు వినడానికి మొదటిసారి సిగ్గేసింది.

“ఆ ఇల్లు... ఎవరిదో తెలిసిందా?”

లైన్‌మన్ బెల్టు బిగించుకుంటూ గర్వంగా నవ్వాడు. “ఆయనకి తెలుసు సార్. ఎంత అడిగినా చెప్పడు. ‘వాళ్లే పిలిచారు, వెళ్లి ఈ ఒంటిచేత్తోనే సరిచేసి వచ్చాను’ అంటాడు.”