దిగుడు దారి

"లెగు," అన్నాడు ఇన్నయ్య.

హర్ష లేవలేదు. మంచులో ఒక రాయికి ఆనుకుని కూర్చున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. చొక్కా మీద వాంతి మరకలు. ఎదురుగా అన్నపూర్ణ శిఖరాలు పొద్దుటి ఎండలో కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. ఆ దృశ్యం కోసమే నానా దేశాలవాళ్ళు వీపున సంచులు తగిలించుకుని నేపాల్ వస్తారు. హర్ష చూపు మాత్రం ఎక్కడా నిలవడం లేదు.

"ఇన్నయ్యా? నువ్వేంది ఈడ? నాన్న పంపాడా?"

ఇన్నయ్య వంగి హర్ష పెదాల రంగు చూశాడు.

ఇన్నయ్యకు నలభై ఆరేళ్ళు. రాజుపాలెం దగ్గర పల్లెటూరు. పదేళ్ళు హర్ష వాళ్ళ లారీ నడిపాడు. నిరుడు మానేశాడు. ఎందుకు మానేశాడో ఊళ్ళో అందరికీ తెలుసు. మిర్చి లోడుతో బీహారు దాకా వెళ్ళినవాడే గానీ, కొండ ఎక్కడం ఇదే మొదలు. ఎవరో యాత్రికుడు తీసి ఫోన్లో పెట్టిన ఫొటోలో, గడ్డం పెంచిన హర్ష కనిపించాడు. వెనక ఈ కొండలు. అది చూసి బయల్దేరాడు. నాలుగు రోజులుగా నడుస్తున్నాడు. కింద బజారులో కొన్న బూట్లు మడమలు కోసేశాయి.

హర్షకు ఇరవై తొమ్మిది. అతనితో నడిచిన జట్టు తెల్లవారుతూనే కనుమ దాటి అవతలికి వెళ్ళిపోయింది. కాస్త తలనొప్పి, అంతే, మీరు పదండి వెనకే వస్తానని అతనే వాళ్ళను పంపేశాడు. ఆ తర్వాత వంద అడుగులు కూడా వెయ్యలేకపోయాడు.

"కనుమ దాటితే రోడ్డుంది. జీపులుంటాయి. నన్ను అటు తీసుకుపో."

"అటు కాదు. కిందికి."

"కిందికి నేను రాను. కాసేపు పడుకుంటా."

"పడుకోమాక."

హర్ష కళ్ళు మూశాడు. ఇన్నయ్య అతని చెంప మీద కొట్టాడు. కొట్టాక తన చేతి వంక తనే చూసుకున్నాడు. హర్ష వాళ్ళ ఇంటి వాకిట్లో పదేళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డవాడు. ఇతన్ని చిన్నబాబు అని పిలిచినవాడు. రెండోసారి కొట్టినప్పుడు చేతి వంక చూసుకోలేదు.

హర్ష సంచి బరువుగా ఉంది. నీళ్ళ సీసా, ఫోను తీసుకుని ఇన్నయ్య దాన్ని కాలితో తోశాడు. అది వాలు మీద దొర్లి దొర్లి పిగిలిపోయింది. రంగురంగుల బట్టలు మంచు మీద పరుచుకున్నాయి.

"ఒరేయ్, దాంట్లో కెమెరా ఉంది."

"ఉండనీ. నడువు."

కాలరు పట్టుకుని లేపాడు. ఆగితే మోకాలితో పొడిచాడు. పడితే జుట్టు పట్టుకుని లేపాడు. దారిలో ఎదురొచ్చిన ఒక విదేశీ ఆవిడ ఆగి ఇంగ్లీషులో ఏదో అంది. అతన్ని కూర్చోనివ్వమని చేత్తో సైగ చేసింది. ఇన్నయ్య తల అడ్డంగా ఊపి, హర్షను ఈడ్చుకుంటూ ఆమెను దాటిపోయాడు. ఆవిడ అసహ్యంగా చూసి, ఫోన్లో అతని ఫొటో తీసుకుంది.

మధ్యాహ్నానికి మంచు అయిపోయింది. కొండచరియ విరిగిన చోట దారి రెండడుగుల వెడల్పు మిగిలింది. ఒక పక్క ఎర్రమట్టి గోడ. రెండో పక్క ఏమీ లేదు. ఎక్కడో అడుగున పచ్చగా, దారప్పోగులా నది. గాలి వీచినప్పుడల్లా గులకరాళ్ళు జారి, చప్పుడు కూడా వినపడకుండా లోయలో పడిపోతున్నాయి.

దిగేకొద్దీ హర్షకు కొంచెం తెలివి వస్తోంది. ఇన్నయ్య భుజం పట్టుకుని నడుస్తున్నవాడల్లా ఆగి, అతని మొహం తేరిపార చూశాడు. భుజం మీది చెయ్యి తీసేశాడు.

"నాన్న పంపలేదు."

"లేదు."

"నన్ను చంపడానికొచ్చావు."

ఇన్నయ్య లోయలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. కాలరు మీద అతని పిడికిలి బిగుసుకుంది. దారిలో ముందూ వెనకా ఎవరూ లేరు. హర్షకు ఏడుపు వచ్చింది.

"ఇన్నయ్యన్నా, వద్దన్నా."

"ఏంది?"

"అన్నా..."

"ఆ మాట అనమాక," అన్నాడు ఇన్నయ్య. గొంతు చాలా చిన్నగా ఉంది. "ఇంకోసారి ఆ మాట నీ నోట్లోంచి వస్తే ఈణ్ణుంచి తోసేస్తా."

హర్ష నాలుగడుగులు వేసి కూలిపోయాడు. ఈసారి కొట్టినా లేవలేదు. ఊపిరిలో గురగుర శబ్దం మొదలైంది. ఇన్నయ్య అతన్ని వీపు మీద వేసుకుని, మెడలోని మఫ్లరుతో నడుముకు కట్టుకున్నాడు. గోడకు ఒరుసుకుంటూ, పక్కవాటుగా ఒక్కో అడుగే వేస్తూ ఆ చోటు దాటాడు. తర్వాత మూడు గంటలు దిగాడు.

కింది ఊళ్ళో రెండు గదుల ఆసుపత్రి ఉంది. డాక్టరమ్మ హర్షను మంచం మీద పడుకోబెట్టి ఆక్సిజన్ పెట్టింది. సూది వేసింది. పొద్దు వాలే వేళకి పెదాలకు రంగు వచ్చింది. ఆమె బయటికి వచ్చేసరికి ఇన్నయ్య మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుతున్నాడు. మేజోళ్ళు నెత్తురుతో మడమలకు అతుక్కుపోయాయి.

"గండం గడిచింది. రేపు కూడా ఆక్సిజన్ మీద ఉంచాలి," అంది ఆమె హిందీలో. "గాలి పలచబడ్డ ఎత్తులో వచ్చే జబ్బు ఇది. అక్కడ నిద్రపోనిచ్చినా, ఇంకా పైకి కనుమ ఎక్కించినా చనిపోయేవాడు. కొట్టయినా కిందికి తెచ్చి మంచి పని చేశారు."

"దారిలో సత్రంవాళ్ళు చెప్పారు," అన్నాడు ఇన్నయ్య.

ఆమె దూదీ మందూ తెచ్చి అతని కాళ్ళ దగ్గర కూర్చుంది.

"సొంత తమ్ముడికైనా ఇంత చెయ్యరు. మీకేమవుతాడు?"

ఇన్నయ్య కిటికీలోంచి హర్ష వంక చూశాడు. తనకొచ్చిన లారీ హిందీలో నెమ్మదిగా చెప్పాడు.

"మా తమ్ముణ్ణి నరికి చంపి జామీను మీద పారిపోయొచ్చాడమ్మా, గురజాల కోర్టులో బోనెక్కేదాకా వీణ్ణి చావనివ్వను."