నెత్తురు తాగే రాణి కుదిర్చిన సంబంధం

వచ్చిన సంబంధమల్లా వద్దంటోంది మాలతి. ఈసారీ కాదంటే అన్నం ముట్టనని తల్లి శాంతమ్మ పొద్దున్నే తేల్చి చెప్పింది.

పిల్లవాడు మహిపాల్. గద్వాలలో కొత్తగా సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాడు. వనపర్తికి పెళ్ళిచూపులకు వచ్చాడు. మాట్లాడుకోమని పెద్దలు ఇద్దర్నీ డాబా మీదికి పంపారు.

ఏం అడగాలో తోచక, సినిమాలు చూస్తారా అన్నాడు మహిపాల్. సంబంధం తప్పించుకునే దారి దొరికింది మాలతికి. ఆ మధ్య ఊరి టాకీసులో ఆడిన డబ్బింగ్ సినిమా సంగతి ఎత్తింది. అందులో నెత్తురు తాగే రాణి ఉంటుంది. నల్ల పట్టు గౌను, ఎర్రటి గోళ్ళు, మత్తు చూపులు. మగవాళ్ళు ఎంతమంది వెంటపడినా లెక్కచేయదు. ఆమె వలపంతా ఒక ఆడపిల్ల మీదే. ఊళ్ళో పెద్దమనుషులు ఛీ అన్న సినిమా అది.

"నేను రెండుసార్లు చూసిన. ఆ రాణి నాకు మస్తు నచ్చింది," అంది.

ముఖం చిట్లించి కిందికి దిగిపోతాడనుకుంది. అతను పోలేదు.

"నేను గూడ చూసిన," అన్నాడు మెల్లగా. "నెత్తురు తాగినందుకు కాదు, ఆ పిల్లను ప్రేమించినందుకు కాల్చిండ్రు ఆమెను. ఇంటికొచ్చి ఏడ్చిన."

మాలతి అప్పుడు చూసింది అతని ముఖంలోకి. ఆ తర్వాత గుసగుసగా చాలాసేపు మాట్లాడుకున్నారు. కింద చాయలు చల్లారిపోయాయి. దిగి వచ్చి ఒప్పుకున్నానంది మాలతి. శాంతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

అంతటితో ఆగలేదు. మాలతితో పాటు బడిలో చదువు చెప్పే యమునకు, మహిపాల్ ప్రాణస్నేహితుడు శ్రవణ్ కుమార్‌కు కూడా వీళ్ళిద్దరే కూర్చుని సంబంధం కుదిర్చారు. దోస్తానా అంటే గిట్లుండాలె అని అందరూ మెచ్చుకున్నారు. ఒకే పందిట్లో రెండు పెళ్ళిళ్ళు అయ్యాయి.

గద్వాలలో ఎదురెదురు పోర్షన్లు అద్దెకు తీసుకున్నారు. రెండిళ్ళలోనూ పాలు పొంగించి, సామాన్లు సర్దిపెట్టి, చుట్టాలు తిరుగు ప్రయాణమయ్యారు. కలిసిమెలిసి ఉండమని బస్సు కిటికీలోంచి మరీ మరీ చెప్పింది శాంతమ్మ.

బస్సు మలుపు తిరగ్గానే మాలతి తన చీరల పెట్టె పట్టుకుని యమున పోర్షన్‌లోకి, శ్రవణ్ తన సంచీ భుజానేసుకుని మహిపాల్ పోర్షన్‌లోకి మారిపోయారు.