ఒంటికాలి హంస

"కళ వేరు, కూలినేత వేరు అమ్మా! బొమ్మ నాది, వీడివి ఉత్త చేతులే," అన్నాడు చిత్రకారుడు రంగాచారి, పతకం గెలిచిన తన హంసల బారు చీర అంచు బొమ్మను దొరసాని ముందు పరుస్తూ.

పక్కనే నిలబడ్డ నేతగాడు వెంకోబ పళ్లు కొరికాడు. మూడేళ్లుగా ఈ ఘడియ కోసమే కాచుకున్నాడు.

"ఈ ఏడో హంసకు ఒక్క కాలే ఉన్నదేంది?" అడిగింది దొరసాని.

"తపస్సు చేస్తోందమ్మా. అదంతా నా ఊహే."

వెంకోబ చంకలో మూట విప్పి పాత చీర పరిచాడు. అందులోనూ ఏడో హంసది ఒంటికాలే.

"నా పెండ్లికి నేనే నేసిన చీర అమ్మా. మూడేండ్ల కింద చూసిస్తనని తీస్కపోయి, ఉన్నదున్నట్టు బొమ్మ దించుకున్నడు. తపస్సు లేదు, ఏం లేదు. మగ్గం మీద ఎలుక కొరికితే కాలు పోయింది."

రంగాచారి మొహం నల్లబడింది.

"పతకం ఈయనకెందుకమ్మా?" అన్నాడు వెంకోబ. "మా ఎలుకకియ్యుండ్రి."