చేంతాడు ముడి

ఊళ్ళలోకి బోర్లు రాని రోజులవి. ఎండాకాలం వస్తే కంబదూరు వైపు బావుల్లో నీళ్ళు దిగేకొద్దీ చేంతాడు పొడుగయ్యేది. ముక్కకు ముక్క కలిపి ముడి వేసుకునేవారు.

గోవిందప్ప వేసిన ముడి మళ్ళీ జారింది. బిందె బావిలో పడింది.

"ఇంట్లో ఉండేదే ఒక్క బిందె! ఇంగ నీళ్ళు ఎట్ల తేవల్ల?" అని అతని పెండ్లాం అక్కమ్మ నెత్తి కొట్టుకుంది.

నానా తంటాలు పడి గాలంతో బిందెను పైకి తీశారు.

గట్టు మీద ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు. బాటసారిలా ఉన్నాడు.

"ఆ తాడు ఇట్లియ్యి నాయనా" అన్నాడు.

ఆయన చేతులు వణుకుతూనే ఉన్నాయి. రెండు మెలికలు తిప్పి, పైన ఎదురు మెలిక వేసి బిగించాడు.

"ఇంగ జారదు."

అప్పుడే ఆయన చూపు గోవిందప్ప తొడ మీది పెద్ద మచ్చపై పడింది.

"ఏమైంది నాయనా?"

"ఎద్దు పొడిచింది. బళ్ళారి డాక్టరు బతికిచ్చినాడు. దండం పెట్టుకుందామని శనక్కాయల మూటెత్తుకొని మళ్ళీ పోతే, ఆయప్ప ఆడ లేడన్యారు. కోత కోసినప్పుడు నాకు తెలివి లేదు, మొగం గూడా చూల్యా. అదొక్కటే నాకు కొరత."

"ఏదీ, నాలుగడుగులు నడువు. చూస్తా."

గోవిందప్పకు ఒళ్ళు మండింది.

"నేనేమన్నా సంతలో ఎద్దునా, నడిచి చూపిచ్చేకి? పోప్పా, పో!"

బిందె భుజానికెత్తుకుని విసవిసా వెళ్ళిపోయాడు.

ముసలాయన అతని నడకనే చూస్తూ నిలబడ్డాడు. ఎందుకో నవ్వుకున్నాడు.

వానలు మొదలయ్యాక కలరా సూదులు వేయడానికి దివాకర్ అనే కుర్ర డాక్టరు ఆ ఊరికి వచ్చాడు. బావి దగ్గర దాహానికి ఆగి, చేంతాడు చూసి ఆశ్చర్యపోయాడు.

"ఈ ముడి ఎవరేసినారన్నా?"

"ఎవరో దావన పోయే ముసలాయప్ప. అప్పట్నుంచి జారిందే లేదు" అన్నాడు గోవిందప్ప.

"ఆపరేషన్లో తెగిన రక్తనాళాన్ని ఇట్లే కడతాం. లిగేచర్ అంటారు. లాటిన్ మాట, కట్టడమని అర్థం. 'పేరు చూసి బెదరద్దండి, మన చేంతాడు ముడే' అని చెప్పేటోడు మా గురువు. ఆయనకు చేతులు వణుకుతాండెనా?"

"అవునప్పా!"

దివాకర్ ఆ ముడిని వేళ్ళతో తడిమి చూశాడు.

"ఆయనేన్నా. చేతులు వణకబట్టినాంక కత్తి పక్కన పెట్టేసినాడు. తాను బాగు చేసినోళ్ళు ఎట్ల నడుస్తాండారో చూసొస్తానని ఊర్లు పట్టుకొని తిరిగినాడు. పోయిన నెల చనిపోయినాడు."

"ఏ ఊరి డాక్టరప్పా?"

"బళ్ళారి."

గోవిందప్ప చెయ్యి తొడ మీదికి పోయింది.

"నడిచి చూపియ్యమన్నాడప్పా నన్ను..." అంటూ ఏడ్చేశాడు.

ఎవరికి దండం పెట్టాలని శనక్కాయల మూటతో బళ్ళారి దాకా పోయాడో, ఆయన్నే ఈ బావి దగ్గర పొమ్మన్నాడు.