అడగని అప్‌డేట్

పెద్దావిడ ఫోన్‌ని కౌంటర్ మీద విసిరినంత పని చేసింది.

మెకానిక్ తలెత్తి చూశాడు. నిన్ననే కొత్త అద్దం వేసి ఇచ్చిన ఫోన్ అది.

మెడకు స్కార్ఫ్ చుట్టుకున్న ఈవిడ నిన్న కూడా ఒక్క ముక్క మాట్లాడలేదు. పగిలిన అద్దాన్ని వేలితో చూపించి, ఆ వేలినే అడ్డంగా ఊపింది. అద్దం తప్ప ఇంకేదీ ముట్టుకోవద్దని దానర్థం. మెకానిక్ పట్టించుకుంటేగా.

అతనిదో పద్ధతి. తన చేతిలో పడ్డ ఏ ఫోనూ పాత సాఫ్ట్‌వేర్‌తో బయటికి వెళ్లకూడదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, నేను అడక్కుండానే అప్‌డేట్ పెడతానని వచ్చినవాళ్లందరికీ గొప్పగా చెప్పుకునేవాడు.

ఆవిడ గబగబా తెలుగులో ఏదో టైప్ చేసి, చదవమని నొక్కింది. ఫోన్ పలకలేదు. మీ ప్రాంతంలో ఈ భాషకు వాయిస్ లేదని మాత్రం తెర మీద చూపించింది.

పాత సాఫ్ట్‌వేర్‌లో ఉండేది. కొత్తదాంట్లో కంపెనీవాళ్లు ఒక్కో దేశానికి ఇన్ని భాషలే అని గిరి గీశారు. ఈ పరాయి దేశంలో తెలుగుకి చోటు లేకుండా పోయింది. ఫోన్ అమ్ముకునేటప్పుడు మనం ఏ ప్రాంతమో ఎవడూ అడగడు. మాట్లాడబోతే మాత్రం ఎక్కడలేని ప్రాంతాలూ గుర్తొస్తాయి.

మళ్లీ పాతదే వెయ్యమని ఆవిడ సైగ చేసింది. ఒకసారి ఎక్కిన కొత్తది ఇక దిగదని, ఆ పాత వాయిస్‌ని కంపెనీయే తీసి పారేసిందని మెకానిక్ తాపీగా చెప్పాడు.

ఆవిడ అరచేత్తో కౌంటర్‌ని బాదింది. వెనక నిలబడ్డవాళ్లంతా మెకానిక్ వైపు చూశారు. అతనికి తల కొట్టేసినట్టయింది.

"నోరు తెరిచి చెప్పండి. మాట్లాడితే ముత్యాలేమైనా రాలతాయా?"

ఆవిడ చెయ్యి మెడ దాకా వెళ్లి ఆగిపోయింది.

"గొంతు ఏదైతేనేమండీ? ఇంగ్లీషువి బోలెడున్నాయి, ఒకటి పెట్టుకోండి. మిషన్ మాటలకి ఇంత రాద్ధాంతమా?"

ఈ మాట అన్న మెకానిక్ పెద్దమనిషి ఇంటి సంగతి కూడా చెప్పాలి. అతని నాన్నకు చూపు లేదు. ఆయన దగ్గరున్న పాత ఫోన్‌లో, ఆవిడ పోగొట్టుకున్న ఆ గొంతే, రోజూ తెలుగు వార్తలు చదివి వినిపిస్తుంది. నాన్న దాన్ని అమ్మాయి అంటాడు. ఏమిటమ్మాయీ ఇవాళ విశేషాలని పలకరించందే మంచం దిగడు. ఓసారి కొడుకు ఆ ఫోన్‌కి అప్‌డేట్ పెట్టబోతే, మా అమ్మాయి జోలికొస్తే కాళ్లు విరగ్గొడతానురా అని చేతికర్ర ఎత్తాడు. కొడుకు మళ్లీ ఆ ఫోన్ ముట్టుకోలేదు. తన తండ్రి వినే గొంతు తనకు ముద్దు, పరాయివాళ్లది ఏ గంగలో కలిస్తేనేం.

అంతలో కారు నిలిపి ఆవిడ కూతురు లోపలికొచ్చింది. తల్లి ముఖం చూడగానే ఆమెకు సంగతి తెలిసిపోయింది.

"ఇంకేదీ ముట్టుకోవద్దని అమ్మ చెప్పలేదా?"

"ఆవిడ నోరు విప్పితేగా."

కూతురు పళ్లు కొరికింది. కేన్సర్ వచ్చి అమ్మ గొంతు తీసేశారని, అప్పట్నుంచీ అమ్మ టైప్ చేస్తే ఈ ఫోనే పలికేదని చెప్పింది.

మెకానిక్ తగ్గాడు. తెలీక చేశానన్నాడు. ఎక్కడైనా వేరే తెలుగు గొంతు దొరికితే వెతికి పెడతానన్నాడు.

"వేరే గొంతు మా అమ్మకెందుకు?" ఆమె కళ్లు నిప్పులు కురిశాయి. "జబ్బు పడకముందు ఆ కంపెనీవాళ్లు అమ్మని గదిలో కూర్చోబెట్టి నెలల తరబడి చదివించుకుని, ఆ గొంతునే తెలుగు వాయిస్‌గా పెట్టుకున్నారు. ఈ ఫోన్‌లో పలికింది మా అమ్మ. అదీ తుడిచేశారు."

మెకానిక్‌కి నాన్న ఫోన్ సంగతి నాలుక చివరిదాకా వచ్చింది, అక్కడే ఆగిపోయింది.

పెద్దావిడ కౌంటర్ మీది ఫోన్‌ని తీసి కొంగుతో తుడుచుకుంది.

నాన్న రోజూ మంచం మీంచి పలకరించే ఆ అమ్మాయి, కూతురి చెయ్యి పట్టుకుని మెల్లగా షాపు మెట్లు దిగి వెళ్లిపోయింది.