తలుపు వెనక గోడ

వ్యాన్ వచ్చేలోగా గోడ పని అయిపోవాలి. ఇంకా సగం కూడా కాలేదు.

ఆయమ్మ చేతిలో తడిగుడ్డ, కాళ్ళ దగ్గర బకెట్. ఆమె తమ్ముడు పుట్టీ బ్లేడు పట్టుకుని కిటికీ కింద గోడ గీకుతున్నాడు. అతనిది రంగులు వేసే పని. అక్క పిలిచిందని ఈ పూటకు నాగా పెట్టి వచ్చాడు.

“ఇన్నేళ్ళలో ఎన్ని గోడలు చూశానో. ఇలాంటి పని మాత్రం ఎప్పుడూ చెయ్యలేదక్కా,” అని సణిగాడు.

“సణుగుడు తర్వాత. ముందు చెయ్యి ఆడించు.”

పనులకు పోయే తల్లులు పొద్దున్నే పిల్లల్ని వదిలి వెళ్ళే సెంటరు అది. ఆ పిల్లల్ని చూసుకునేది ఆయమ్మే. ఒక పెద్ద గది, వెనక వంటగది, ముందు నాలుగు పూలకుండీలు. ఆ సెంటరుకు విశ్వవిద్యాలయంతో ఒప్పందం ఉంది. అక్కడ చదివేవాళ్ళకు సేవ కూడా ఒక పాఠమే. ఆర్నెల్లకో బ్యాచ్ వచ్చి ఇక్కడ పనిచేస్తుంది, దానికి మార్కులు పడతాయి. ఆ వ్యాన్‌లోనే మాటల టీచరు కూడా వస్తుంది.

ఆయమ్మకు కావలసింది ఆ టీచరే. మనవరాలు చిట్టికి నాలుగేళ్ళు నిండినా మాట రాలేదు. పోయిన బ్యాచ్‌తో వచ్చినప్పుడు టీచరు చిట్టిని అద్దం ముందు కూర్చోబెట్టుకుని పెదవులు కలపడం నేర్పింది. పిల్ల “మ్మ” అనే దాకా వచ్చింది. అంతలో బ్యాచ్ గడువు అయిపోయింది. వ్యాన్ మళ్ళీ రాకపోతే చిట్టి చదువు ఆ ఒక్క అక్షరం దగ్గరే ఆగిపోతుంది. ఆ ఆలోచన వస్తే చాలు, ఆయమ్మకు అన్నం సయించదు.

నిన్న ఆ కోర్సు చూసే మేడమ్ ఫోన్ చేసింది. “ఈసారి మా పెద్దసారు కూడా వస్తున్నారమ్మా. సెంటరు ఎలా ఉందో కళ్ళారా చూశాకే ఒప్పందం ఉంచేదీ తీసేసేదీ చెప్తారట.”

ఆయమ్మ ఆ పెద్దసారు సంగతి వినే ఉంది. పక్క వీధి వృద్ధాశ్రమంలో అడుగుపెట్టి, నాలుగు గోడలూ ఓసారి చూసి, పెదవి విరిచి వెళ్ళిపోయాడట. అంతే, మళ్ళీ ఆ గుమ్మంలో వ్యాన్ ఆగలేదు.

“ఈ గోడని ఇలా చూశాడంటే ఆయన గుమ్మంలోంచే వెనక్కి పోతాడురా.”

“బకెట్ ఖాళీ అయింది. ఇంకోటి తేనా?”

“తే. ఆ పుస్తకాల బీరువా ఎలా ఉందో చూశావా? దాని సంగతి కూడా చూడాలి.”

తమ్ముడు కుండీల వైపు వెళ్ళి ఇంకో బకెట్ నింపుకొచ్చాడు. ఇద్దరూ ఒళ్ళు దాచుకోకుండా చేశారు. ఒక గోడ, రెండో గోడ, బీరువా. ఇక తలుపు వెనక ముక్క ఒక్కటే మిగిలింది.

అప్పుడే బయట హారన్ మోగింది.

తమ్ముడు బకెట్ బల్ల కిందకి తోశాడు. ఆమె తలుపు బార్లా తెరిచి, గోడకి ఆనించి, దానికి వీపు పెట్టి నిలబడింది.

పెద్దసారు పేరుకు తగ్గట్టే పెద్ద. గుమ్మంలో తల వంచుకుని లోపలికొచ్చాడు. వెనకే మేడమ్. ఆయన నేరుగా గోడ దగ్గరికి నడిచాడు. వేలితో రుద్ది, వేలు చూసుకుని, జేబురుమాలు తీశాడు. పైనుంచి ఒక పెచ్చు ఊడి సరిగ్గా ఆయన బూటు మీద పడింది.

“పిల్లలుండే గది ఇదేనా?”

“ఇదే సార్,” అంది ఆయమ్మ.

ఆయన బీరువా తెరిచాడు. పుస్తకాలు దబదబా కింద పడ్డాయి. మేడమ్ సిగ్గుతో తల దించుకుంది. తమ్ముడు మాత్రం కిటికీలోంచి ఆకాశం చూస్తున్నాడు, వాన వస్తుందేమో కనుక్కోమని ఎవరో పురమాయించినట్టు.

“ఆ తలుపు వెనక ఏముంది?”

ఆయమ్మ తలుపుకి ఇంకా గట్టిగా ఆనుకుంది. “ఏం లేదు సార్. గోడే.”

“జరగండి, చూస్తాను.”

“బందు ఊడిపోయింది సార్. కదిపితే మీద పడుతుంది.”

ఆయన చప్పున ఒక అడుగు వెనక్కి వేశాడు. తలుపుకేసి, ఆమెకేసి మార్చి మార్చి చూశాడు. పట్టేశాడు, అంతా అయిపోయింది అనుకుంది ఆయమ్మ. చిట్టి మొహం కళ్ళ ముందు మెదిలింది.

“తలుపు కూడానా!” అన్నాడాయన చివరికి. మేడమ్ వైపు తిరిగాడు. “ఈ బ్యాచ్‌ని ఇక్కడే దింపండి. వచ్చే ఏడాది కూడా ఇక్కడికే పంపిద్దాం.”

ఆయమ్మ రెండు చేతులూ జోడించింది. వీపు మాత్రం తలుపు మీంచి తియ్యలేదు.

మాటల టీచరు లోపలికొచ్చింది. మిగతా పిల్లలతో వంటగదిలో ఉన్న చిట్టి ఒక్క పరుగున వచ్చి, ఆవిడ సంచీలోంచి అద్దం తనే తీసుకుని ముందు కూర్చుంది. పెదవులు గట్టిగా బిగించింది.

“మ్మ...” అంది. కాస్త ఆగి అమ్మమ్మ వైపు చూసింది. “మ్మ... మ్మ!”

ఆయమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

పెద్దసారూ మేడమూ సామాన్లు దింపించడానికి వ్యాన్ దగ్గరికి వెళ్ళారు. టీచరు చిట్టిని ఎత్తుకుని వంటగదిలోకి వెళ్ళింది. తమ్ముడు తలుపు మెల్లగా ఇవతలికి లాగి వెనక్కి తొంగి చూశాడు. బల్ల కింది బకెట్‌ని కాలితో దగ్గరికి లాక్కున్నాడు.

“ఏడుపు ఆపి ఆ బురద గుడ్డ ఇటివ్వక్కా, పోయిన బ్యాచ్ వాళ్ళు వేసిన సీతాకోకచిలుకలు ఇక్కడ ఇంకా కొత్తవాటిలా మెరిసిపోతున్నాయి, చూస్తే ఇక్కడ చెయ్యడానికి పనేం లేదని పెద్దసారు వెనక్కి పోతాడు, వాళ్ళు రంగు డబ్బాలు దింపేలోగా వీటిని కూడా పాడుచేసెయ్యాలి!”