విడి పేజీ

“మా వాడి పేజీ కనపడట్లేదమ్మా,” అన్నాడు దర్జీ, బల్ల ముందు నిలబడి.

తప్పిపోయిన పిల్లల కోసం నడిచే సంస్థ అది. పొద్దుట్నుంచీ స్క్రీన్ చూసి చూసి, వెబ్‌సైటు పని చూసే అమ్మాయికి కళ్ళు మండుతున్నాయి.

“పద్దెనిమిది నిండితే పిల్లల విభాగంలోంచి పేజీ దానంతటదే పోతుంది బాబాయ్. విడిగా కొత్తది తయారుచేయాలి. రేపు రండి.”

ఆయన కదల్లేదు. ఉసూరుమంటూ ఆమె కొత్త పేజీ తెరిచి, పేరు, ఫొటో, పుట్టుమచ్చ, అన్నీ పాతవే ఎక్కించింది.

“ఎత్తు మూడున్నర అడుగులనే ఉందమ్మా. మార్చు.”

“ఎవరు కొలిచారని మార్చను?” విసుక్కుంది.

“ఏటా పుట్టినరోజుకి వాడికో చొక్కా కుడతాను. పెరిగే పిల్లాడు కదా, ఏటికేడు కాస్త పొడుగు పెడతాను. మొన్న కుట్టింది నేనే తొడుక్కుని చూశా. నాకే పొడుగైంది.”

ఆమె స్క్రీన్ మీది ఫొటో వంక చూసింది. ఇన్నేళ్ళూ తామంతా వెతుకుతున్నది ఫొటోలోని ఆ పసివాణ్ణే.

“అయితే మీకంటే పొడుగే ఉంటాడా?”

“ఉంటాడమ్మా.”

“కూర్చోండి బాబాయ్. కొలతలన్నీ చెప్పండి.”

పేజీ పైనున్న ‘బాబు’ అన్న మాట చెరిపేసి, ఆమె ‘యువకుడు’ అని రాసింది.